అసలు బండి, అతికిన బండి: పాత కార్ల పునరుద్ధరణ – ఒక సామాజిక చరిత్ర

ప్రస్తావన

ఎర్రవల్లి చౌరస్తాలో జాతీయ రహదారి దిగి గద్వాల వైపు తిరిగినా, పెబ్బేరు దగ్గర వనపర్తి దారి పట్టినా, కల్వకుర్తి మీదుగా నాగర్‌కర్నూలు చేరినా, ఊరి మొదట్లోనే మెకానిక్ షెడ్లు కనిపిస్తాయి. ఇటువంటి షెడ్ల వెనుక చక్రాలు ఊడిన అంబాసిడరో, ముందు అద్దం లేని జీపో, ఏ కంపెనీదో గుర్తుపట్టలేని రేకు డొక్కో పడి ఉండడం మీరు చూసే ఉంటారు. చరిత్ర విద్యార్థి సాధారణంగా వీటిని దాటి కోట వైపు నడుస్తాడు. ఈ పాఠ్యభాగంలో మనం షెడ్డు దగ్గరే ఆగుదాం.

పాత కారును కొద్దిపాటి డబ్బుతో, ఏళ్ల తరబడి, ఒక్కొక్క భాగంగా బాగుచేసుకోవడం ఇవాళ ఒక అభిరుచిగా పేరు పొందింది. ఆ కారు స్పోర్ట్స్ కారైతే అది కలిగినవాళ్ల సరదా అనుకోవడం కూడా పరిపాటి. నిజానికి ఈ పనిలో రెండు వేర్వేరు ఉద్దేశాలు కలిసి ఉంటాయి. ఒకటి పునరుద్ధరణ. అంటే కారు కర్మాగారం నుంచి బయటికి వచ్చిన రోజున ఎలా ఉందో తిరిగి అలా చేయడం. రెండవది మార్పు. అంటే ఇప్పటి అవసరానికి, దొరికే సామానుకు, చేతిలో ఉన్న డబ్బుకు తగినట్టు దాన్ని మలుచుకోవడం. ఈ రెండింటిలో చరిత్రను కాపాడేది ఏది? మొదటిదేనని 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ సమాధానం పాలమూరు వంటి ప్రాంతానికి ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడమే మన పని.

సంస్థానాల నేల మీదికి మోటారు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. అంతకు ముందు, హైదరాబాద్ రాజ్యం కాలంలో, ఈ నేల మీద గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు నిజాంకు లోబడి ఉండేవి. జటప్రోలు సంస్థానాధీశుల రాజధానే కొల్లాపురం. ఈ సంస్థానాల సాహిత్య పోషణ గురించి మీరు ఇతర పాఠాల్లో చదివి ఉంటారు. మోటారు వాహనం గురించి మాత్రం మన పుస్తకాలు పెద్దగా మాట్లాడవు.

హైదరాబాద్ రాజ్యంలో మోటారు రెండు రూపాల్లో అడుగుపెట్టింది. మొదటి రూపానికి మంచి ఉదాహరణ చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పుడు ప్రదర్శనకు ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీన్ని ఆర్డరు చేశాడు. కారు చేరకముందే, 1911లో, ఆయన మరణించాడు. వెనుక సీటును సింహాసనంలా అమర్చిన ఈ కారు ఊరేగింపులకే పరిమితమై, తరువాత చాలాకాలం మూలనపడి, చివరికి పునరుద్ధరణ పొందింది. అతి తక్కువగా తిరిగిన బండి కనుక దాని అసలు రూపం మిగిలింది. ఈ విషయాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావలసి ఉంది.

రెండవ రూపం బస్సు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో మొదలుపెట్టింది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ ఇప్పటికీ హైదరాబాద్‌లో భద్రపరిచింది. బస్సు వచ్చిన చోటికి డ్రైవరు ఒక్కడే రాడు. డిపో వస్తుంది, ఫిట్టర్ వస్తాడు, రేకు పనివాడు వస్తాడు. 1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ బస్సు బాడీలు కట్టింది. ఛాసిస్, అంటే చట్రం, విదేశాల నుంచి వచ్చేది. దాని మీద నిలిచే బాడీని ఇక్కడివాళ్లే కట్టేవారు. ఒకరు చేసిన చట్రం మీద ఇంకొకరు బాడీ కట్టడం ఆ రోజుల్లో మామూలు పారిశ్రామిక పద్ధతి. దాన్ని ఎవరూ తప్పుగా చూడలేదు.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దుతో సంస్థానాల కథ ముగిసింది. వనపర్తి రాజప్రాసాదంలోకి 1959లో పాలిటెక్నిక్ వచ్చింది. గద్వాల కోటలో కళాశాల నడుస్తోంది. రాజుల దర్బారు గదుల్లో గ్రామీణ విద్యార్థులు యంత్రాల పటాలు గీయడం నేర్చుకున్నారన్న మాట. ఈ ప్రాంత చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపులు ఉన్నాయి గానీ, నాకు మాత్రం ఇంత ముచ్చటైనది కనబడలేదు.

కొరత నేర్పిన పని

స్వాతంత్ర్యం తరువాత మన దేశం విదేశీ మారకాన్ని పొదుపు చేయవలసి వచ్చింది. పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని 1949లో ఆపేశారు. 1953 నాటి టారిఫ్ కమిషన్ నివేదిక తరువాత, విడిభాగాలు తెచ్చి బిగించడమే తప్ప ఇక్కడ తయారు చేసే ప్రణాళిక లేని కంపెనీలకు చోటు లేకుండా పోయింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. సామాన్యుడి ముందు కార్ల విషయంలో ప్రధానంగా మూడు పేర్లు మిగిలాయి: కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. లైసెన్సు ఇచ్చిన మేరకే ఉత్పత్తి చేయాలి. 1980 ప్రాంతంలో సైతం దేశమంతటా ఏడాదికి తయారైన కార్లు 30 వేల చుట్టూ ఉండేవి. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడడం మామూలైపోయింది.

దీని ఫలితాన్ని ఆర్థికశాస్త్ర పుస్తకాలు సాధారణంగా కొనుగోలుదారుడి వైపు నుంచి చెబుతాయి. షెడ్డు వైపు నుంచి చూస్తే కథ మారుతుంది. కొత్త బండి దొరకని దేశంలో పాత బండి చావడానికి వీల్లేదు. ఇంజన్ అరిగితే బోరు కొట్టించి పెద్ద పిస్టన్లు వేస్తారు. అది కూడా అయిపోతే స్లీవ్ దించి మళ్ళీ మొదటి కొలతకు తెస్తారు. దొరకని బుష్‌ను లేత్ మిషన్ మీద తిప్పుకుంటారు. తుప్పు తిన్న తలుపు అడుగును కోసి కొత్త రేకు అతుకుతారు. ఈ పనులు నేర్పింది ఏ కళాశాలా కాదు. తెలంగాణ షెడ్లలో పెద్ద మెకానిక్‌ను ఉస్తాద్ అంటారు. పాన అందించే పిల్లవాడిగా చేరి, ఏళ్ల తరువాత తానే ఉస్తాద్ అవడమే ఇక్కడి విద్యావిధానం. దీనికి లిఖిత పాఠ్యప్రణాళిక లేదు కనుకనే చరిత్రకారుడికి ఇది కష్టమైన విషయం. ఆ చదువు కోసం బడి మానిన బాల్యాల లెక్కా ఎక్కడా రాసి లేదు.

వ్యవసాయ ప్రాంతమైన పాలమూరుకు మరో మార్గంలోనూ యంత్ర పరిజ్ఞానం అందింది. ఆనకట్టల మట్టిపనికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల వెంట లారీలు, ట్రాక్టర్లు కూడా తిరిగాయి. మహీంద్రా సంస్థ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి 1963లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. ఆ ట్రాక్టరు డీజిల్ ఇంజన్ వంశానికి చెందిన ఇంజన్నే తరువాత జీపులకూ వాడారు. కాబట్టి ట్రాక్టరు విప్పి బిగించగలిగినవాడికి డీజిల్ జీపు కొత్త కాదు. 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు భారమైంది, డీజిల్ చవకగా ఉండేది. పెట్రోలు అంబాసిడర్‌లో మాటడార్ వ్యాను డీజిల్ ఇంజన్ ఎక్కించడం వంటి మార్పులు అప్పుడు విస్తరించాయి. ఇంజన్ దిమ్మెలు మార్చాలి, గేర్‌బాక్సుకు మధ్యలో పలక తయారు చేయాలి, ముందు స్ప్రింగులు బలపరచాలి. హిందుస్థాన్ మోటార్స్ సొంతంగా డీజిల్ అంబాసిడర్‌ను తెచ్చింది 1980లో.

స్పోర్ట్స్ కారు లేని దేశంలో స్పోర్ట్స్ కారు

ఈ పరిస్థితుల్లో వేగం కోరుకునే యువకుడు ఏం చేయాలి? మన దేశంలో ఆ కాలంలో స్పోర్ట్స్ కారు తయారీయే లేదు. ఉన్నదాన్నే అలా మార్చుకోవాలి. మద్రాసు సమీపంలోని షోలవరంలో రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద జరిగే పందాల్లో ఫియట్, హెరాల్డ్, అంబాసిడర్ కార్లే మార్పులు చేసుకుని పరిగెత్తాయి. బరువు తగ్గించడానికి సీట్లు పీకేయడం, కార్బురేటర్ మార్చడం, సిలిండర్ హెడ్‌ను అరగదీసి కుదింపు పెంచడం వంటివి వాళ్ల ఉపాయాలు.

వీటిలో స్పోర్ట్స్ కారుకు అసలైన చుట్టం స్టాండర్డ్ హెరాల్డ్. బ్రిటన్‌లో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన ఈ కారుకు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి రూపకల్పన చేశాడు. మద్రాసు స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ 1961 నుంచి 1971 వరకు దీన్ని తయారు చేసింది. అదే చట్రాన్ని కురచ చేసి బ్రిటన్‌లో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చారు. స్పిట్‌ఫైర్ మనకు రాలేదు. దాని ఎముకల గూడు మాత్రం హెరాల్డ్ రూపంలో వచ్చింది.

తరువాతి తరానికి ఆ స్థానంలో నిలిచింది కాంటెస్సా. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చిన ఈ కారు బ్రిటిష్ వాక్స్‌హాల్ నమూనా మీద ఆధారపడింది. పొడవాటి బానెట్, విశాలమైన శరీరం చూడగానే హాలీవుడ్ సినిమా కారులా ఉండేది. లోపల ఉన్నది మాత్రం అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్. చూపుకూ పరుగుకూ పొంతన లేదని అప్పటి వాళ్లే నవ్వుకున్నారు. జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ ఇంజన్, అయిదు గేర్లు వచ్చాక గానీ ఆ శరీరానికి తగిన ప్రాణం రాలేదు. 2002లో ఉత్పత్తి ఆగింది. అయితే తొలి కాంటెస్సాలోని బలహీనతే తక్కువ డబ్బున్నవాడికి వరమైంది. అంబాసిడర్ ఇంజన్ తెలిసిన ప్రతి మెకానిక్‌కూ అది తెలిసిన ఇంజనే. ఇసుజు ఇంజన్‌ను తరువాత అంబాసిడర్‌కు కూడా అమర్చారు కనుక దాని భాగాలకూ అంబాసిడర్‌లే గని అయ్యాయి.

దశలవారీగా ఒక హెరాల్డ్

ఇప్పుడు ఈ పని నిజంగా ఎలా సాగుతుందో వివరంగా చూద్దాం. అంబాసిడర్, ఫియట్ 1100 కార్లలో బాడీయే బరువు మోస్తుంది, విడిగా చట్రం ఉండదు. గుమ్మం అడుగు పట్టీకి తుప్పు పడితే కారు నడుమే బలహీనపడుతుంది. హెరాల్డ్‌లో అలా కాదు. చట్రం వేరు, బాడీ వేరు. బాడీ ముక్కలను బోల్టులతో బిగిస్తారు. బానెట్ మొత్తం ముందుకు వంగి ఇంజన్, ముందు చక్రాలు పూర్తిగా బయటపడతాయి. నెలకు కొంత మాత్రమే ఖర్చు పెట్టగలిగిన మనిషికి ఈ నిర్మాణం ఎంతో అనుకూలం. ఈ నెల ఒక ముక్క విప్పి బాగుచేసి, వచ్చే నెల ఇంకోటి మొదలుపెట్టవచ్చు.

అనుభవజ్ఞుడైన ఉస్తాద్ ఎవరైనా బ్రేకులతో మొదలుపెడతాడు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల రబ్బర్లు, గొట్టాలు, తరువాత స్టీరింగ్ జాయింట్లు. ఆ తరువాత పెట్రోలు ట్యాంకు కడిగించడం, వైరింగ్. 948 సీసీ ఇంజన్ సంగతి ఆ తరువాతే వస్తుంది. ఈ ఇంజన్ స్టాండర్డ్ టెన్ కారు ఇంజన్ కుటుంబానిదే కనుక ఒకదాని తుక్కులో రెండోదానికి ప్రాణం దొరికే వీలుంది. చట్రం నుంచి పక్కలకు చాచిన చేతుల వంటి భాగాల్లో బురద చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది. వాటిని కోసి కొత్తవి అతికితే తప్ప రంగు జోలికి వెళ్లకూడదు. కొత్తవాళ్లు సరిగ్గా తిరగబడి చేస్తారు. ముందు మెరిసే ఎరుపు రంగు వేయించి, డబ్బులన్నీ అక్కడే అయిపోయి, లప్పం కింద తుప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

మన ప్రాంతపు వాతావరణం ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. వర్షం తక్కువ, సముద్రపు ఉప్పుగాలి లేదు. తీరప్రాంతంలో కంటే ఇక్కడ రేకు ఎక్కువకాలం నిలుస్తుంది. బదులుగా ఎండ రబ్బరును, సీట్ల తోలును, వైర్ల పైపూతను పగలగొడుతుంది. కరువు నేల అన్న పేరు మోసిన చోట పాత ఇనుముకు ఆయుష్షు ఎక్కువ కావడం విచిత్రమే.

సామాను ఎక్కడి నుంచి వస్తుంది? గద్వాలకు కర్నూలు దగ్గర. అక్కడ లేనిది హైదరాబాద్‌లో వెతకాలి. ఆంధ్ర ప్రాంతంలో 1960ల్లో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ ఇటువంటి పనులకు పెట్టింది పేరు. అప్పటికీ దొరకకపోతే మార్పు తప్పదు. మూల కార్బురేటర్ బదులు మారుతి 800 కార్బురేటర్, డైనమో బదులు ఆల్టర్నేటర్, పాత రేడియేటర్ చట్రంలో కొత్త జాలీ. ఇక్కడ పునరుద్ధరణకూ మార్పుకూ మధ్య గీత చెరిగిపోతుంది. డబ్బు లేనివాడు మూల రూపాన్ని గౌరవించడం లేదని కాదు. విదేశం నుంచి తెప్పించుకునే స్తోమతు ఉన్నవాడి కారు మూల రూపానికి దగ్గరగా, లేనివాడి కారు దూరంగా తయారవుతుంది. అసలుతనానికి ఒక ధర ఉందని దీన్నిబట్టి గ్రహించాలి.

హెరాల్డ్ పైకప్పు కూడా బోల్టులతో బిగించినదే. విప్పేస్తే ఓపెన్ కారు. వేగం మోజున్నవాళ్ల కన్ను మొదట పడేది దాని మీదనే. అయితే ఆ నాలుగు బోల్టులు విప్పడం చట్టంతో ముడిపడిన పని.

చట్టం గీసిన గీత

1939 నాటి మోటారు వాహనాల చట్టం, వాహనాన్ని మార్చదలచిన యజమాని రిజిస్టరింగ్ అధికారికి తెలిపి అనుమతి పొందాలని చెప్పింది. అంటే మార్పు అనుమతితో జరగగల పని. 1988 చట్టంలోని 52వ సెక్షన్‌ను 2000 సంవత్సరంలో సవరించాక ధోరణి మారింది. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదన్నది ఇప్పుడు సాధారణ సూత్రం. ఆమోదం పొందిన కిట్లతో ఇంధనం మార్చుకోవడం వంటి మినహాయింపులు మాత్రం ఉన్నాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే గట్టిపరిచింది. భద్రత దృష్ట్యా దీన్ని తోసిపుచ్చలేం. మోయలేని చట్రం మీద పెద్ద ఇంజన్ పెట్టి, పాత బ్రేకులే ఉంచిన బండి నడిపేవాడికీ ఎదురొచ్చేవాడికీ ప్రమాదమే.

2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల్లో మన చర్చకు కీలకమైన విషయం ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల తరువాత పునరుద్ధరణకు 5,000. షరతు ఏమిటంటే వాహనం మూల రూపంలో ఉండాలి. చట్రం, బాడీ, ఇంజన్‌లలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు.

వయస్సు ప్రకారం మద్రాసు హెరాల్డ్‌లన్నీ ఈ అర్హత పొందాయి. తొలి కాంటెస్సాలకు 2034లో ఆ వయస్సు వస్తుంది. కానీ వీటిలో ఎన్ని షరతుకు నిలుస్తాయి? ఊరేగింపులకు మాత్రమే బయటికి వచ్చిన సిల్వర్ ఘోస్ట్ నిలుస్తుంది. పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, పత్తి విత్తనాల సంచులకు 50 ఏళ్లు పనికొచ్చి, 1970ల్లో డీజిల్ ఇంజన్ వేయించుకున్న కారు నిలవదు. కొరత కాలంలో రాజ్యవిధానమే ఆ మార్పును అనివార్యం చేసింది. ఆ మార్పే ఇప్పుడు వారసత్వపు జాబితాలో చోటుకు అడ్డం. నా అభిప్రాయంలో ఈ నిర్వచనం కారును వస్తువుగా కాపాడుతుంది గానీ దాన్ని వాడిన సమాజాన్ని వదిలేస్తుంది. కోటల విషయంలో మనం ఇలా చేయం. ఒక రాజు కట్టిన గోడకు తరువాతి రాజు చేర్చిన బురుజును కూడా చరిత్రగానే చదువుతాం.

ఆర్‌సీ పుస్తకం ఒక ఆధారం

ఈ చరిత్రకు ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? మొదటిది నంబరు పలక. ఏపీ 22 అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. 2014 తరువాత అదే జిల్లాకు టీఎస్ 06. 2016 తరువాత నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, గద్వాలకు 33. 2024 మార్చి నుంచి కొత్త వాహనాలకు టీఎస్ బదులు టీజీ. షెడ్డు ముందు నిలబెట్టిన నాలుగు బండ్ల నంబర్లలోనే ఈ ప్రాంత పరిపాలనా చరిత్ర చదవవచ్చు.

రెండవది ఆర్‌సీ. ప్లాస్టిక్ కార్డు రాకముందు అది ఒక చిన్న పుస్తకం. అందులో యజమానుల వరుస, అప్పు ఇచ్చిన సంస్థ ముద్ర, ఇంజన్ మారిస్తే కొత్త నంబరు, రంగు మారిస్తే ఆ వివరం, అధికారి సంతకం ఉండేవి. మన వాళ్లు బ్రేకిన్‌స్పెక్టర్ అని పిలుచుకునే మోటారు వాహనాల తనిఖీ అధికారి పెట్టిన ఒక్కొక్క సంతకం ఒక తేదీ, ఒక నిర్ణయం. శాసనంలో దానం ఎవరు ఇచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో, సాక్షులెవరో వెతికినట్టే దీన్నీ చదవాలి. మూడవది మౌఖిక ఆధారం, అంటే ఉస్తాద్‌ల జ్ఞాపకం. దానికి ఆయుష్షు తక్కువ. కార్బురేటర్ విప్పి పెరిగిన తరం ఇప్పుడు విశ్రాంతిలో ఉంది. వారి చోట వచ్చినవాళ్లు కంప్యూటర్ తగిలించి లోపం చూస్తున్నారు.

అభ్యాసం: మీ ఊళ్లో లేదా మండల కేంద్రంలో 25 ఏళ్లు దాటిన వాహనం ఒకదాన్ని ఎంచుకోండి. యజమాని అనుమతితో దాని పాత ఆర్‌సీ పుస్తకాన్ని చూడండి. పుస్తకంలో ఉన్న ఇంజన్ నంబరు, రంగు, సీట్ల సంఖ్య ఇప్పటి బండితో సరిపోతున్నాయా? తేడా ఉన్న ప్రతిచోటా, ఆ మార్పు ఏ సంవత్సరంలో, ఎవరి చేతుల మీదుగా, ఎందుకు జరిగిందో అడిగి రెండు పుటల్లో రాయండి. యజమాని పేరు, బండి నంబరు మీ జవాబులో రాయవద్దు.